తప్పిన పథ్యం

బాలశౌరి డాక్టరు కాడు. అయినా వుయ్యూరు అవతల కాలవగట్టు మీది ఊళ్ళో ఏడేళ్ళపాటు జనం అతన్ని డాక్టరుగారనే పిలిచారు, అతనూ కాదనలేదు. మిషను ఆస్పత్రిలో ఆరేళ్ళు కట్లు కట్టి, సూదులు వెయ్యడం నేర్చుకుని, ఒక తోలుసంచీ కొనుక్కుని ఊళ్ళో దిగినవాణ్ణి డాక్టరనక ఇంకేమంటారు? జ్వరానికి మాత్ర, దెబ్బకు కట్టు, గడ్డకు కోత, అన్నీ అతనే. అన్నిటికంటే పేరు తెచ్చిపెట్టింది మాత్రం పులిపిరికాయల మందు. సున్నం, చాకలిసోడా, కాస్త మైలుతుత్తం కలిపి నూరిన ముద్ద అది. పుల్లతో అద్దితే పులిపిరికాయ నాలుగు రోజుల్లో మాడి రాలిపోయేది. పక్క ఊళ్ళ నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు.

మందు పెట్టాక పథ్యం చెప్పేవాడు. వంకాయ, గోంగూర, గుమ్మడికాయ, ఎండుచేప ముట్టుకోకూడదు. పథ్యం లేని మందును మనవాళ్ళు మందుగా లెక్కచెయ్యరని బాలశౌరికి తెలుసు. ఇంకో సంగతి కూడా తెలుసు, అది ఎవరికీ చెప్పేది కాదు. మందు పనిచెయ్యనప్పుడు వైద్యుడి పరువు కాపాడేది ఆ పథ్యమే. ఎప్పుడో ఒకప్పుడు తప్పని మనిషి ఎవడుంటాడు గనక?

డెబ్భై నాలుగులో తొలకరి పడేనాటికి అతను ఊరు వదిలి విజయవాడ వచ్చేసి ఏడాది కావస్తోంది. పటమటలో వెంకటకృష్ణారావుగారి నర్సింగ్‌హోములో కట్లు కట్టే డ్రెస్సరు ఉద్యోగం. వెంకటకృష్ణారావుగారు మద్రాసులో చదివొచ్చిన సర్జను. కాలిన చేతులకు, చీలిన పెదవులకు, పుండ్లు తిన్న ముఖాలకు చర్మం తెచ్చి అతకడంలో చెయ్యి తిరిగినవాడు. ఆయన దగ్గర పని చేస్తున్నానని చెప్పుకోవడం బాలశౌరికి గొప్పగానే ఉండేది. ఒక బుధవారం పొద్దున వరండాలో బెంచీ మీద సుబ్బరత్నాన్ని చూసేదాకా.

ఆవిడ ముక్కుకు పమిటచెంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. పక్కన భర్త వెంకటప్పయ్య. నాలుగెకరాల చెరుకు, మూడెకరాల మాగాణి ఉన్న రైతు. బాలశౌరిని చూడగానే ఇద్దరూ లేచి నిలబడ్డారు.

"మీరిక్కడున్నారని తెలిసే వచ్చాం డాక్టరుగారూ," అన్నది సుబ్బరత్నం. "బెజవాడలో ఇన్ని ఆస్పత్రులున్నాయి, ఎక్కడికని పోతాం? మీరున్నచోటైతే నాకు ధైర్యం."

చెంగు తీసింది. ముక్కు కుడిపక్క రెక్క సగం లేదు. మిగిలిన సగం నుంచి చెంప మొదటిదాకా రూపాయి బిళ్ళంత పుండు, చుట్టూ గట్టు కట్టినట్టు మెరుస్తున్న అంచు.

మూడేళ్ళ కిందట అది పెసరగింజంత పొక్కు. పులిపిరి అన్నాడు, ముద్ద అద్దాడు, రాలిపోయింది. ఆవిడ సంతోషంగా ఒక గంపెడు మామిడిపళ్ళు పంపించింది. ఆర్నెల్లకు మళ్ళీ లేచింది. మళ్ళీ కాల్చాడు. రెండేళ్ళలో మొత్తం అయిదుసార్లు. మూడోసారి కాస్త గట్టిగానే అడిగాడు, "పథ్యం తప్పారా ఏమన్నా?" అని. ఆవిడ తల వంచుకుని ఊరుకుంది. అమ్మయ్య అనుకున్నాడు. అయిదోసారి పుండు మానలేదు. ఆ నెలలోనే అతనికి బెజవాడ ఉద్యోగం సంగతి తెలిసింది. పిల్లల చదువుల కోసం వెళ్తున్నానని ఊళ్ళో చెప్పాడు. అది అబద్ధం కాదు. కానీ పిల్లల చదువులకంటే ఎక్కువగా అతన్ని తరిమింది ఆ ముక్కు.

ఇంతవరకూ తెలియక చేసిన పని. అంతటితో ఆగినా అతనికి కాస్త నిద్ర పట్టేది.

కిందటి దసరా రోజుల్లో నర్సింగ్‌హోముకు ఒక ముసలాయన వచ్చాడు. కంటి కింద సరిగ్గా అలాంటి మెరిసే అంచు పుండు. డాక్టరుగారు నర్సులకు, బాలశౌరికి చూపించి చెప్పారు, ఇది చర్మానికొచ్చే క్యాన్సరు, పులిపిరి అనుకుని కాలుస్తుంటారు, పైన మాడుతుంది గాని లోపల పాకుతూనే ఉంటుంది, మొదట్లో వస్తే చిక్కుడుగింజంత ముక్క తీసి నాలుగు కుట్లు వేస్తే పోయేది అని. బాలశౌరికి సుబ్బరత్నం ముక్కు గుర్తొచ్చింది. ఆ సాయంత్రమే పోస్టాఫీసుకు వెళ్ళి ఒక కార్డు కొన్నాడు. "శ్రీ వెంకటప్పయ్యగారికి" అని రాశాడు కూడా. వెంటనే బయలుదేరి రండి, అది పులిపిరి కాదు, అని రాయాలి. అది రాస్తే రెండేళ్ళు నేనేం చేసినట్టు? ఊళ్ళో ఏమనుకుంటారు? పైవారం రాద్దామనుకున్నాడు. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నోటితో చెబుదామనుకున్నాడు. సంక్రాంతికి ఊరే వెళ్ళలేదు. కార్డు పెట్టె అడుగున ఎనిమిది నెలలుంది. ఆ ఎనిమిది నెలల్లో ముక్కు రెక్క పోయింది.

వెంకటకృష్ణారావుగారు దీపం కింద పుండును చాలాసేపు చూశారు.

"దీన్నేదో పెట్టి కాల్చారు. ఒకసారి కాదు, చాలాసార్లు. ఎవరు కాల్చింది?"

బాలశౌరి ట్రే పట్టుకుని ఆయన వెనకే ఉన్నాడు. వెంకటప్పయ్య గోడ వంక చూశాడు.

"నేనేనండి," అన్నది సుబ్బరత్నం. "ఇంట్లో సున్నం అద్దుకున్నాను."

"ముక్కేమన్నా గోడా అమ్మా, సున్నం కొట్టడానికి?" డాక్టరుగారికి కోపం వస్తే వరండా చివరికి వినిపిస్తుంది. "చదువు లేకపోతే మానె, కాస్త భయమన్నా ఉండొద్దూ? ముఖం కాల్చుకోవడానికి చేతులెట్టా వచ్చినయ్యి?"

ఆవిడ అన్నీ తల వంచుకుని పడింది. ఒక నర్సు నవ్వు ఆపుకుంది. బాలశౌరి ట్రేలోని కత్తెరలను వరసగా సర్దాడు.

తర్వాత డాక్టరుగారు చల్లబడి అంతా విడమరిచి చెప్పారు. క్యాన్సరే గాని ఒళ్ళంతా పాకేది కాదు, ఉన్నచోటే తింటూ పోతుంది. చుట్టూ మంచి చర్మంతో సహా కోసి తీసేస్తే మళ్ళీ రాదు. పోయిన ముక్కును నుదుటి చర్మంతో కడతారు. నుదుటి మీంచి ఒక పట్టీ లేపి, కనుబొమ దగ్గర దాని మొదలు తెగకుండా ఉంచి, కిందికి తిప్పి ముక్కుకు కుడతారు. మూడువారాలు ఆ మొదలులోంచే నెత్తురు అందుతుంది. ముక్కు దగ్గర అతుక్కున్నాక మొదలు కోసేస్తారు. ఆ మూడువారాలూ ముఖం మీద తొండంలాగా చర్మం వేలాడుతూ ఉంటుంది, చూసి భయపడకూడదు.

"బొట్టు పెట్టుకోవడానికి చోటు ఉంటుందాండీ?" అని అడిగింది ఆవిడ. అడిగింది అదొక్కటే.

"పక్కకు జరిపి గీస్తాలేమ్మా," అన్నారు డాక్టరుగారు. ఈసారి ఆయన గొంతు మెత్తగా ఉంది.

శుక్రవారం ఆపరేషను. మత్తిచ్చాక ముఖం కడిగి, దీపం సరిచేసి, కొక్కెంతో చెంప లాగి పట్టుకునే పని బాలశౌరిది. డాక్టరుగారు పుండు చుట్టూ గీత గీసి కోశారు. అడుగు చూశారు. ఇంకాస్త కోశారు. మళ్ళీ చూసి నిట్టూర్చారు.

"ఎక్కడిదాకా రోగమో, ఎక్కడిదాకా కాలిన మచ్చో తెలియడం లేదు. మచ్చ లేకపోతే ఇంత తియ్యక్కర్లేదు. చెంప చర్మం జరిపి సరిపెట్టేవాణ్ణి. ఇప్పుడు అదీ గట్టిపడిపోయింది."

బాలశౌరి కొక్కెం పట్టుకునే ఉన్నాడు. తను అద్దిన ముద్ద ఒక్కొక్కసారి ఎంత మేర కాల్చిందో కత్తి అంచున కనిపిస్తోంది. కుట్టుదారం పొట్లంలోని తగరపు కాగితాన్ని డాక్టరుగారు పోయిన ముక్కు ఆకారంలో కత్తిరించి, నుదుటి మీద తిరగేసి పెట్టి, దాని చుట్టూ సిరాతో గీశారు. తర్వాత ఆ పట్టీ లేచింది, తిరిగింది, ముక్కై కూర్చుంది. ఎన్నిసార్లు చూసినా అబ్బురంగా ఉండే పని. ఆ రోజు మాత్రం అతను ఒక్కసారి కూడా మెచ్చుకోలేకపోయాడు.

నాలుగోరోజు పొద్దున కట్టు మార్చేటప్పుడు గదిలో ఇద్దరే ఉన్నారు. సుబ్బరత్నం అప్పుడే మాట్లాడటం మొదలుపెట్టింది.

"ఆ రోజు మీ పేరు చెప్పలేదండి. చెబితే మీ ఉద్యోగానికేమన్నా అవుతుందని భయమేసింది. పిల్లలు గలవాళ్ళు."

బాలశౌరి దూదిని స్పిరిట్లో ముంచాడు. ముంచిందే మళ్ళీ ముంచాడు.

"తప్పంతా నాదేనండి," అన్నది ఆవిడ. "మీరడిగినప్పుడు చెప్పలేదు, సిగ్గేసి. రెండుసార్లు పథ్యం తప్పాను. మా తమ్ముడింట్లో వాళ్ళు బలవంతం చేస్తే గుత్తివంకాయ ఒక్క కాయ తిన్నా. ఇంకోసారి గోంగూర, అది బలవంతం కూడా కాదు, నోరు ఊరుకోక. మందు మంచిదే. నేనే పాడుచేసుకున్నాను. మీకు చెడ్డపేరు తెచ్చాను."

ఎవరికైనా ఇంతకంటే శిక్ష ఉంటుందా? నిలబడ్డచోటే భూమి చీలితే బావుండుననుకున్నాడు. చీలలేదు.

"మా అత్తగారూ ఆయనా రోజూ అదే మాట. నాలిక కట్టుకోలేక ముక్కు పోగొట్టుకుందని. ఎవరన్నా చూడ్డానికొస్తే వాళ్ళకూ చెబుతారు. నిజమే గదా, ఏమంటాను?" అంటుంటే ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నన్ను క్షమించండి డాక్టరుగారూ."

"మాట్లాడకండి," అన్నాడు బాలశౌరి. "కుట్లు లాగుతాయి."

ఆవిడ బుద్ధిగా నోరు మూసుకుంది. ట్రే పట్టుకుని బయటికొచ్చి, నీళ్ళతొట్టి దగ్గర గోడకు ఆనుకున్నాడు. కుట్లు లాగుతాయన్న మాట నిజమే. అతని నోటి నుంచి వచ్చేవన్నీ ఇలాగే సగం నిజాలు, పిల్లల చదువుల మాటలాగా.

శనివారం తమ కతోలిక గుడికెళ్ళి, ఫాదరుగారి చెవిలో తప్పు ఒప్పుకునే పాపసంకీర్తనం చేశాడు. అక్కడ కూడా మనవాడు మనవాడే. "ఒక రోగి విషయంలో కొంచెం అశ్రద్ధ చేశానండి," అన్నాడు. ఫాదరుగారు పాపం మూడు జపాలు చెప్పుకోమన్నారు. ఆయన చేసేదేముంది, చెప్పిన పాపానికి తగ్గ జపాలే ఇచ్చారు. బాలశౌరి మూడూ చెప్పుకుని బయటికొచ్చాడు. మెట్లు దిగేసరికే మళ్ళీ ఆవిడ గొంతు వినిపించింది, మీకు చెడ్డపేరు తెచ్చానని.

రోజులు గడిచేకొద్దీ కష్టమైంది గాని తేలిక కాలేదు. ముఖం మీద చర్మం వేలాడుతున్న మనిషి, అద్దం అడగదు, నొప్పని అనదు. అతను రాగానే మాత్రం చేతులు జోడిస్తుంది. ఆ పట్టీ రంగు చూసి, వేలితో వత్తి, నెత్తురాడుతోందో లేదో చూసుకోవడం అతని పని. నిద్రలో కూడా అదే చూసుకునేవాడు. పన్నెండోరోజు ఇక తట్టుకోలేక, మధ్యాహ్నం డాక్టరుగారి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఆవిడ ముక్కు కాల్చింది నేనేనండి. మా ఊళ్ళో. అయిదుసార్లు."

వెంకటకృష్ణారావుగారు రాస్తున్న కాగితం మీంచి తలెత్తారు. కేకలేస్తారనుకున్నాడు. వెయ్యలేదు. అయినా నయమనిపించలేదు.

"ఆవిడకు తెలుసా?"

"నేను కాల్చిన సంగతి తెలుసండి. అది తప్పుమందని తెలియదు. తను పథ్యం తప్పడం వల్లే అయిందనుకుంటోంది."

"పథ్యానికీ దీనికీ ఏమిటయ్యా సంబంధం?"

"లేదండి."

"మరి నాకెందుకు చెబుతున్నావు? వెళ్ళి ఆ మాట ఆవిడకు చెప్పు. చెప్పాక నా దగ్గరికి రా. నీ ఉద్యోగం సంగతి అప్పుడు మాట్లాడదాం."

ఆ సాయంత్రం బాలశౌరి సుబ్బరత్నం మంచం పక్కన ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. మూడేళ్ళలో ఆవిడ ముందు కూర్చోవడం అదే మొదలు. చెప్పాడు. అది పులిపిరి కాదని, ముద్ద పెట్టకూడదని, పెట్టడం వల్లే మచ్చ పడి ఇంత కొయ్యాల్సొచ్చిందని. వంకాయకూ గోంగూరకూ ఇందులో ఏ పాపమూ లేదని. ఆవిడ నమ్మలేదు.

"నా మనసు కష్టపడుతుందని అట్టా అంటున్నారు. మీ మంచితనం నాకు తెలియదా?"

ఏడేళ్ళు కూడబెట్టుకున్న మంచిపేరు చివరికి నిజం చెప్పడానికి కూడా అడ్డం పడింది. ఇక దాచుకోవడానికి మిగిలింది ఒక్కటే. జేబులోంచి ఆ కార్డు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. చిరునామా తప్ప ఏమీ రాయని కార్డు. దసరాలో కొన్నానన్నాడు. అప్పటికే నాకు రోగమేమిటో తెలుసు, రాస్తే నా పేరు పోతుందని రాయలేదు, అప్పుడే వచ్చి ఉంటే ముక్కు చాలావరకు దక్కేది, అన్నాడు.

సుబ్బరత్నానికి చదువు రాదు. కానీ కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది. వేళ్ళు మడిచి నెలలు లెక్కపెట్టింది.

"ఎనిమిది," అన్నది.

"అవునండి."

ఆవిడ ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు. రెంటికీ సిద్ధపడి వచ్చాడు. ఆవిడ కార్డు దిండు కింద పెట్టుకుని గోడవైపు చూస్తూ పడుకుంది. అటు తిరిగే, "ఆదివారం ఆయనొస్తారు. ఈ మాటలన్నీ ఆయన ముందు చెప్పండి," అన్నది. ఉద్యోగం సంగతి ఆవిడ ఇంటికెళ్ళాక చూద్దామన్నారు డాక్టరుగారు. ఆ వారమంతా అతను రాగానే ఆవిడ చేతులు జోడించలేదు.

ఆదివారం వెంకటప్పయ్య క్యారేజీతో వచ్చాడు. మూత తియ్యకముందే మొదలుపెట్టాడు.

"బీరకాయ కూర, చారు. అమ్మ మరీ మరీ చెప్పి పంపించింది. ఇక్కడెవరన్నా వంకాయ పెట్టినా ముట్టుకోవద్దంట. ఒకసారి అయిన శాస్తి చాలదా అంది."

బాలశౌరి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. సుబ్బరత్నం అతని వంక చూసింది. అతను లోపలికొచ్చి, ఆవిడకు చెప్పినదంతా మొదటి నుంచీ చెప్పాడు. ఈసారి ఏదీ తగ్గించలేదు. ముద్ద సంగతి, పథ్యం సంగతి, ఊరు వదిలిన సంగతి, కార్డు సంగతి. చెబుతున్నంతసేపూ వెంకటప్పయ్య చేతిలో క్యారేజీ గిన్నె అలాగే ఉంది.

చెప్పడం అయిపోయింది. వెంకటప్పయ్య గిన్నె కింద పెట్టి, తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"పోనీలెండి డాక్టరుగారూ," అన్నాడు. "మనిషన్నాక పొరపాటు చెయ్యడా? మీరేమన్నా కావాలని చేశారా? నలుగురికీ మేలు చేసిన చెయ్యి మీది. దీని రాత అట్టా ఉంది, మీరేం చేస్తారు? మనసులో ఏం పెట్టుకోకండి."

బాలశౌరికి ఒక్కసారిగా ఊపిరాడింది. ఆ పెద్దమనిషి చేతులు పట్టుకుందామని ఒక అడుగు ముందుకు వేశాడు కూడా.

"ఏవండీ," అన్నది సుబ్బరత్నం.

ఆవిడ మంచం మీద లేచి కూర్చుంది. నుదుటి నుంచి ముక్కు దాకా వేలాడుతున్న ఆ చర్మం వెనక ఒక కన్ను సగమే కనిపిస్తోంది. రెండో కన్ను భర్త మీదే ఉంది.

"ఒక వంకాయ తిన్నానని నన్ను రెండేళ్ళు తిట్టారు. మీరూ, మీ అమ్మా, ఊరంతా. ఈయన్ని రెండు నిమిషాలన్నా తిట్టలేదు మీరు."

"అది కాదే, ఆయన..."

"పోయింది నా ముక్కు. పోనీలెమ్మనాల్సింది నేను. నేనింకా అనలేదు."

భార్య అంత మాట అనడం వెంకటప్పయ్య ఎన్నడూ వినలేదు. బాలశౌరి వేసిన అడుగు వేసినచోటే ఆగిపోయింది. ఆ నిమిషంలో అతనికి అర్థమైంది, తను ఎవరి దగ్గరికి వెళ్ళినా పోనీలే అన్న ఈ ఒక్క మాట కోసమే వెళ్ళాడని. ఫాదరుగారి దగ్గరికీ, డాక్టరుగారి దగ్గరికీ, చివరికి ఆవిడ దగ్గరికి కూడా. ఆవిడ గుండెలోని ముల్లు తియ్యడానికంటే తన గుండె తేలికచేసుకోవడానికే.

ఆవిడ అతనివైపు తిరిగింది.

"బాలశౌరిగారూ," అన్నది. పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. "రేపు పొద్దున కట్టు మీరే మార్చండి. ఎల్లుండి కూడా. నేను ఇంటికి పొయ్యేదాకా ఇంకొకరిని పంపించొద్దు. రోజూ వచ్చి చూడండి."

అతను ఎటో చూస్తూ తలూపబోయాడు. కానీ ఆవిడ చూపు తిప్పుకోలేదు, జవాబు కోసం ఎదురుచూస్తోంది. ఆవిడ ముఖంలోకి చూసి, "అట్టాగేనండి," అన్నాడు.